భుజం కీలు మార్పిడికి ముందు అంసపీఠపు వాటం: కొలిచే పద్ధతులు, తెలుగు పరిభాష

వ్యాససంగ్రహం:
భుజం కీలు అరిగిపోయినవారికి కృత్రిమ కీలు అమర్చే ముందు వైద్యులు సి.టి. స్కాన్ మీద కొన్ని కోణాలను కొలుస్తారు. వాటిలో ముఖ్యమైనది అంసపీఠం ఎటు వాలి ఉందో తెలిపే కోణం. ఏ శస్త్రచికిత్స చేయాలి, ఎముకను ఎంత చెక్కాలి, పరికరాన్ని ఏ దిశలో నిలపాలి అనే నిర్ణయాలు చాలావరకు ఈ కొలత మీద ఆధారపడతాయి. ఈ కొలతను ఎలా తీస్తారో, ఒకే ఎముకకు వేర్వేరు అంకెలు ఎందుకు వస్తాయో వివరించడం ఈ వ్యాసంలోని మొదటి ఉద్దేశం. ఈ విషయాన్ని రోగికి తెలుగులో చెప్పడానికి కావలసిన పరిభాషను ప్రాచీన వైద్యగ్రంథం నుంచీ, రాయలసీమ వాడుక నుంచీ సమకూర్చుకునే అవకాశాన్ని పరిశీలించడం రెండో ఉద్దేశం.

కీలకపదాలు: భుజసంధి, అంసఫలకం, అంసపీఠం, వెనువాటం, మునువాటం, సి.టి. స్కాన్, కీలు మార్పిడి, వైద్య పరిభాష.

1. ఉపోద్ఘాతం:
"రెక్కాడితే గాని డొక్కాడదు" అనే సామెతలో రెక్క అంటే చేయి. కర్నూలును ఆనుకొని ఉన్న కల్లూరు ప్రాంతంలో నేటికీ "రెక్క లేవడం లేదు", "రెక్క గుంజుతాంది" అంటారు. బేతంచెర్ల బండల గనుల్లో పనిచేసేవారికీ, మూటలు మోసే హమాలీలకూ, చేలల్లో కలుపు తీసే కూలీలకూ భుజం నొప్పి ఒంటి బాధతో ఆగదు. అది పూటకూలి ప్రశ్న.

భుజం కీలు పూర్తిగా అరిగినప్పుడు, మందులతో, వ్యాయామంతో గుణం కనిపించనప్పుడు వైద్యులు కీలు మార్పిడిని సూచించవచ్చు. అప్పుడు రోగి చేతికి వచ్చే స్కాన్ నివేదికలో "గ్లినాయిడ్ రెట్రోవర్షన్ 18 డిగ్రీలు" అన్నట్టుగా ఒక మాట, ఒక అంకె ఉంటాయి. ఆ అంకెను బట్టే తన చేతికి ఏ చికిత్స జరగబోతోందో రోగికి తెలియదు. ఆ మాటకు తెలుగులో స్థిరపడిన పేరు లేదు. చికిత్సకు సమ్మతి తెలిపేవారికి దాని స్వభావం, ప్రత్యామ్నాయాలు, ప్రమాదాలు తగినంతగా తెలియాలని సుప్రీంకోర్టు 2008లో ఒక తీర్పులో స్పష్టం చేసింది. అర్థం కాని మాటతో ఇచ్చిన సమాచారం తగినంత సమాచారం కాజాలదు. కాబట్టి ఈ విషయాన్ని తెలుగులో వివరించడం భాషాధ్యయనంలో కూడా భాగమే.

2. భుజసంధి నిర్మాణం - పేర్లు:
భుజసంధిలో ప్రధానంగా రెండు ఎముకలు కలుస్తాయి. వీపు పైభాగాన పలకలా ఉండే త్రికోణాకారపు ఎముక అంసఫలకం. దీనినే వ్యవహారంలో రెక్క ఎముక అంటాం. భుజం నుంచి మోచేతి వరకు ఉండేది భుజాస్థి. భుజాస్థి పైకొన గుండ్రటి బంతిలా ఉంటుంది. అంసఫలకం బయటి అంచున ఆ బంతి ఆనుకొని తిరిగే నిస్సారమైన పళ్లెం వంటి భాగం ఉంటుంది. ఆంగ్ల వైద్యులు గ్లినాయిడ్ అనేది దీనినే.

మన పాఠ్యపుస్తకాలు భుజసంధిని 'బంతి గిన్నె కీలు' అంటాయి. తుంటి కీలుకు ఈ పేరు చక్కగా అతుకుతుంది. అక్కడ బంతి నిజంగానే గిన్నెలో కూర్చుంటుంది. భుజంలో ఉన్నది గిన్నె కంటే పళ్లేనికే దగ్గర. బంతి పెద్దది, పళ్లెం చిన్నది, లోతు లేనిది. అందువల్లనే చేయి అన్ని దిక్కులకూ తిరగగలుగుతుంది, అందువల్లనే గూడ తేలికగా జారుతుంది. జారకుండా పట్టి ఉంచే పని ఎముకల కంటే ఎక్కువగా చుట్టూ ఉన్న స్నాయువులదీ, నాలుగు కండరాల పట్టీదీ.

సుశ్రుతసంహిత శారీరస్థానం సంధులను ఎనిమిది రకాలుగా విభజించింది. చంకలోని సంధిని ఉదూఖలం, అంటే రోలు రకంగా పేర్కొంది. అదే సందర్భంలో అంసపీఠం అనే మాట కూడా కనిపిస్తుంది. ఆనాటి శాస్త్రకారుల ఎముకల లెక్కకూ నేటి శరీరనిర్మాణశాస్త్రానికీ తేడాలున్నాయి. ఆ మాట సూచించిన భాగం సరిగ్గా నేటి గ్లినాయిడేనని నిర్ధారించడం ఈ వ్యాస పరిధిలోనిది కాదు. అయినా పీఠం తెలుగులో పీటగా నిత్యవ్యవహారంలో ఉన్న మాట. బంతి ఆనే చోటుకు 'అంసపీఠం' అర్థవంతమైన పేరు. ఈ వ్యాసంలో గ్లినాయిడ్‌కు ఆ మాటనే వాడుతున్నాను.

3. వాటం అంటే ఏమిటి?
అంసపీఠం ముఖం అంసఫలకానికి కచ్చితంగా లంబంగా ఉండదు. కొందరిలో కొంచెం ముందుకు, ఎక్కువమందిలో కొంచెం వెనక్కు తిరిగి ఉంటుంది. ముందుకు తిరిగితే ఆంగ్లంలో యాంటివర్షన్, వెనక్కు తిరిగితే రెట్రోవర్షన్. ఇది పడుకోబెట్టిన అడ్డుకోతలో కనిపించే కోణం. నిలువుకోతలో చూస్తే పీఠం పైకో కిందికో వాలి ఉంటుంది. దానిని ఇన్‌క్లినేషన్ అంటారు.

మన తాపీ మేస్త్రీలకు ఈ భావం కొత్తది కాదు. నీరు నిలవకుండా గచ్చును ఒక వైపుకు కొద్దిగా వంచి వేయడాన్ని 'వాటం పెట్టడం' అంటారు. 'ఎడమచేతి వాటం' అన్నప్పుడు కూడా ఒక వైపుకు మొగ్గి ఉండటమే అర్థం. కాబట్టి రెట్రోవర్షన్‌ను 'వెనువాటం' అనీ, యాంటివర్షన్‌ను 'మునువాటం' అనీ, ఇన్‌క్లినేషన్‌ను 'నిలువువాటం' అనీ చెప్పవచ్చు.

4. కొలత చరిత్ర:
భుజం కీలు మార్పిడి ఆలోచన సి.టి. స్కాన్ కంటే చాలా పాతది. 1893లో పారిస్‌లో జూల్స్ ఎమిల్ పెయాన్ క్షయవ్యాధితో పాడైన భుజానికి ప్లాటినం, గట్టిపరచిన రబ్బరుతో చేసిన కృత్రిమ కీలును అమర్చాడు. ఇన్‌ఫెక్షన్ కారణంగా తర్వాత దానిని తీసివేయవలసి వచ్చింది. ఆధునిక కాలంలో ఈ శస్త్రచికిత్సను నిలబెట్టినవాడు అమెరికాకు చెందిన చార్లెస్ నీర్. 1950లలో విరిగిన భుజాలకు బంతిని మార్చడంతో మొదలుపెట్టి, 1974 నాటికి అరిగిన కీళ్లలో బంతినీ పీఠాన్నీ రెంటినీ మార్చిన అనుభవాన్ని ప్రకటించాడు. 1985లో ఫ్రాన్స్‌లోని డిజోన్‌లో పాల్ గ్రామోన్ బంతిని పీఠం వైపు, గిన్నెను భుజాస్థి వైపు పెట్టే తిరగవేసిన కీలును రూపొందించాడు. కండరాల పట్టీ చిరిగిపోయినవారికి ఇది దారి చూపింది.

పీఠపు వాటాన్ని అర్థం చేసుకోవడంలో ఒక భారతీయుని కృషి గుర్తుంచుకోదగినది. కలకత్తా శస్త్రవైద్యుడు అమూల్యకుమార్ సాహా భుజం కదలికల మీద దీర్ఘకాలం పరిశోధించాడు. 1971లో ప్రచురించిన అధ్యయనంలో, తాను పరిశీలించిన భుజాలలో నాలుగింట మూడు వంతులు వెనువాటంతోనూ, మిగిలినవి మునువాటంతోనూ ఉన్నాయని చూపాడు. అందరికీ వర్తించే ఒకే 'సరైన' కోణం లేదనీ, సహజత్వంలోనే వైవిధ్యం ఉందనీ ఇది తెలియజేసింది.

అదే 1971లో ఇంగ్లండులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన యంత్రంతో మొదటిసారి రోగికి సి.టి. స్కాన్ తీశారు. మామూలు ఎక్స్‌రేలో ముందువెనుకల ఎముకల నీడలు ఒకదానిమీద ఒకటి పడతాయి. సి.టి. శరీరాన్ని పలుచటి అడ్డుకోతలుగా చూపడంతో పీఠం ముందు అంచు, వెనుక అంచు విడివిడిగా కనిపించాయి. 1992లో ఫ్రీడ్‌మన్, ఆయన సహచరులు ఈ కోతల మీద వాటాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. వారి అధ్యయనంలో ఆరోగ్యవంతుల సగటు 2 డిగ్రీల మునువాటం, కీలు అరిగినవారి సగటు 11 డిగ్రీల వెనువాటం. నేటికీ చాలా కొలతలకు ఆ పద్ధతే ఆధారం.

5. స్కాన్ మీద కొలిచే విధానం:
5.1 అడ్డుకోత మీద కొలత: ఈ కొలతకు మూడు గీతలు కావాలి.
మొదటిది, వెన్నెముక వైపున్న అంసఫలకపు లోపలి అంచు నుంచి అంసపీఠం నడిమి బిందువు వరకు గీసే గీత. ఇది ఎముకకు ఇరుసు.
రెండోది, పీఠం నడిమి బిందువు వద్ద ఆ ఇరుసుకు లంబంగా గీసే గీత. వాటం సున్నా అయితే పీఠం ఈ గీత మీదే ఉండాలి.
మూడోది, పీఠం ముందు అంచునూ వెనుక అంచునూ కలిపే గీత. ఇది పీఠం నిజంగా ఉన్న దిశ.
రెండో గీతకూ మూడో గీతకూ మధ్య ఉన్న కోణమే వాటం. మేస్త్రీ గుండు కట్టిన దారాన్ని వదిలి గోడ ఎంత వంగిందో చూసినట్టే ఇదీ. దారం స్థానంలో ఇక్కడ లంబరేఖ ఉంది.

ఆరోగ్యవంతుల్లో ఈ కోణం సాధారణంగా రెండు మూడు డిగ్రీల మునువాటం నుంచి పది డిగ్రీల లోపు వెనువాటం వరకు ఉంటుంది.

5.2 డిగ్రీని మిల్లీమీటర్లలో చూడటం: కోణం అనుభవానికి అందదు, మందం అందుతుంది. పీఠం వెడల్పు 28 మిల్లీమీటర్లనుకుందాం. మొదట వాటం సున్నాగా ఉన్న పీఠం ముందు అంచు చెక్కుచెదరకుండా, వెనుక వైపు మాత్రమే అరిగి 10 డిగ్రీల వెనువాటం వచ్చిందంటే, వెనుక అంచున దాదాపు 5 మిల్లీమీటర్ల ఎముక పోయినట్టు లెక్క. 20 డిగ్రీలైతే దాదాపు 10 మిల్లీమీటర్లు. ఇంత చిన్న ఎముకలో 10 మిల్లీమీటర్లు చిన్న నష్టం కాదు.

5.3 బంతి ఎక్కడ ఉంది? పీఠంతోపాటు బంతి స్థానాన్నీ కొలుస్తారు. ఇరుసు గీతను బంతి మీదుగా పొడిగించి, దానికి వెనుక బంతిలో ఎంత శాతం ఉందో చూస్తారు. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే బంతి నడుమ ఉన్నట్టు. 55 దాటితే వెనక్కు తొలగినట్టు. అయితే ఇరుసు గీతకు బదులు పీఠపు గీతకు లంబంగా గీసిన గీతతో కూడా ఇదే శాతాన్ని లెక్కిస్తారు. మొదటిది బంతికీ అంసఫలకానికీ ఉన్న సంబంధాన్ని, రెండోది బంతికీ పీఠానికీ ఉన్న సంబంధాన్ని తెలుపుతుంది. పీఠం బాగా వెనక్కు వాలినప్పుడు ఈ రెండు శాతాలూ ఒకటి కావు.

5.4 నిలువువాటం: తిరగవేసిన కీలు అమర్చేటప్పుడు ఈ కొలత ప్రధానమవుతుంది. పరికరం పైకి చూస్తూ నిలిస్తే దాని మీద పడే బలం దానిని ఊడదీసే దిశలో పనిచేస్తుంది. ఆ పరికరం ఆనేది పీఠం కింది సగం మీద. అందుకే పీఠం మొత్తాన్ని కాక, కింది భాగపు వాలును విడిగా కొలిచే పద్ధతిని 2019లో ఫ్రాన్స్‌కు చెందిన పాస్కల్ బ్వాలో, ఆయన సహచరులు ప్రతిపాదించారు.

6. అరిగిన పీఠాల రకాలు:
కోణం ఒక్కటే పూర్తి చిత్రాన్ని ఇవ్వదు. పీఠం ఎలా అరిగిందన్నదీ చూడాలి. ఫ్రాన్స్‌లోని లియోన్‌కు చెందిన జిల్ వాల్ష్, ఆయన సహచరులు 1999లో చేసిన వర్గీకరణ దీనికి ప్రమాణమైంది. 2016లో దానిని విస్తరించారు.

ఎ రకంలో బంతి నడుమనే ఉంటుంది. అరుగుదల కొద్దిగా ఉంటే ఎ1, లోతుగా ఉంటే ఎ2. బి రకంలో బంతి వెనక్కు తొలగుతుంది. బి1లో వెనుక వైపు కీలు సందు తగ్గుతుంది. బి2లో పీఠం రెండు గుంటలుగా కనిపిస్తుంది: ముందు మిగిలిన పాత పీఠం, వెనుక బంతి తొలిచిన కొత్త పీఠం. బి3లో పాత పీఠం కూడా అరిగిపోయి, వెనక్కు వాలిన ఒకే గుంట మిగులుతుంది. సి రకంలో పుట్టుకతోనే పీఠం సరిగ్గా ఎదగక 25 డిగ్రీలకు మించిన వెనువాటం ఉంటుంది. డి రకంలో వాటం ముందుకు ఉంటుంది, లేదా బంతి ముందుకు తొలగి ఉంటుంది.

7. ఒకే ఎముకకు వేర్వేరు అంకెలు ఎందుకు?
కొలత అనగానే అది వస్తువులోనే ఉన్న గుణమని భావిస్తాం. ఇక్కడ అంకె ఎముక మీద ఎంత ఆధారపడుతుందో, గీత గీసే తీరు మీద కూడా అంతే ఆధారపడుతుంది. కారణాలను ఇలా విభజించవచ్చు.

మొదటిది, పడుకున్న తీరు. అంసఫలకం పక్కటెముకల మీద కదిలే ఎముక. గూని ఉన్నవారిలో, నొప్పితో భుజం ఎత్తి పట్టుకున్నవారిలో అది వేరే వంపులో ఉంటుంది. యంత్రం మాత్రం శరీరానికి అడ్డంగా కోస్తుంది, ఎముకకు అడ్డంగా కాదు. దోసకాయను నిటారుగా కోస్తే వచ్చే చక్రమూ, ఏటవాలుగా కోస్తే వచ్చే చక్రమూ ఒకటి కానట్టే, ఏటవాలు కోతలో కోణం మారుతుంది.

రెండోది, ఏ కోతను ఎంచుకున్నారు? పీఠం పైనుంచి కిందికి కొద్దిగా మెలి తిరిగి ఉంటుంది. పైభాగంలో సాధారణంగా వెనువాటం ఎక్కువ. పై కోతలో కొలిస్తే ఒక అంకె, నడిమి కోతలో కొలిస్తే మరొకటి.

మూడోది, అరిగిన పీఠంలో ఏ అంచు? బి2 రకంలో పాత పీఠపు గీత, కొత్త పీఠపు గీత, రెండు చివరి అంచులనూ కలిపే మధ్యస్థ గీత అని మూడు గీతలు సాధ్యం. మూడూ సరైనవే, మూడింటి కోణాలూ వేరు.

నాలుగోది, స్కాన్ పరిధి. కీలు వరకే స్కాన్ తీస్తే అంసఫలకపు లోపలి అంచు చిత్రంలో ఉండదు. అప్పుడు ఇరుసు గీతకు మొదలే లేదు. కొలత కోసం తీసే స్కాన్‌లో అంసఫలకం లోపలి అంచు నుంచి కింది మొన వరకు మొత్తంగా, పలుచటి కోతలతో రావాలి.

మొదటి రెండు దోషాలను తొలగించడానికి త్రిమితీయ పద్ధతి వచ్చింది. కంప్యూటర్‌లో ఎముక మొత్తాన్ని పునర్నిర్మించి, పీఠం నడిమి బిందువు, లోపలి అంచున అంసకూటపు గట్టు మొదలయ్యే చోటు, అంసఫలకం కింది మొన - ఈ మూడు బిందువుల గుండా ఒక తలాన్ని నిర్ణయిస్తారు. మనిషి ఎలా పడుకున్నా ఈ మూడు బిందువుల పరస్పర స్థానం మారదు. కాబట్టి ఆ తలం ఎముకకు చెందిన ఆధారం, పరుపుకు చెందినది కాదు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లు ఈ పనిని స్వయంగా చేస్తున్నాయి. అయితే ఒక సాఫ్ట్‌వేర్ పీఠం అంచులను కలుపుతుంది, మరొకటి పీఠం మొత్తానికి దగ్గరగా సరిపోయే గోళాన్ని ఊహిస్తుంది. అందువల్ల ఒకే స్కాన్‌కు రెండు సాఫ్ట్‌వేర్‌లు ఐదు డిగ్రీలకు మించిన తేడాతో ఫలితాలు ఇచ్చిన సందర్భాలు పరిశోధనల్లో నమోదయ్యాయి. పైగా వెనువాటాన్ని కొందరు రుణసంఖ్యగా, కొందరు ధనసంఖ్యగా రాస్తారు. పద్ధతి పేరు లేని అంకె, కొలబద్ద పేరు లేని కొలత వంటిది.

8. అంకె నుంచి నిర్ణయానికి:
ఈ తేడాలు వైద్యుల మధ్య వాదంగా మిగిలిపోవు. అవి శస్త్రచికిత్సనే మార్చగలవు.

వెనక్కు వాలిన పీఠం మీద కృత్రిమ పీఠాన్ని అలాగే అమర్చితే బంతి వెనుక అంచు మీదే బరువు మోపుతుంది. కాళ్లు సమంగా లేని పీట మీద ఒక వైపు కూర్చుంటే రెండో వైపు లేచినట్టు, కృత్రిమ పీఠం ఊగి ఊగి వదులవుతుంది. దానిని సరిచేయడానికి ఎత్తుగా ఉన్న ముందు వైపును చెక్కి మట్టం చేయవచ్చు. కానీ 10 డిగ్రీలను పూర్తిగా సరిచేయాలంటే, పై లెక్క ప్రకారం, ముందు వైపు కూడా 5 మిల్లీమీటర్ల వరకు ఎముక పోతుంది. పీఠం ఉపరితలంలో ఎముక గట్టిది, లోపల గుల్లది. ఎక్కువ చెక్కితే గట్టి పొర పోయి పరికరానికి ఆసరా తగ్గుతుంది. అందుకే వెనువాటం సుమారు 15 డిగ్రీలు దాటినప్పుడు చెక్కడం ఒక్కటే చాలదని చాలామంది శస్త్రవైద్యులు భావిస్తారు. అప్పుడు వెనుక మందంగా ఉండే కృత్రిమ పీఠం, ఎముక ముక్కను అతకడం, లేదా తిరగవేసిన కీలు అనే మార్గాలను ఆలోచిస్తారు.

15 అనేది లక్ష్మణరేఖ కాదు. రోగి వయస్సు, కండరాల పట్టీ స్థితి, కండరాలలో కొవ్వు చేరిన తీరు, ఎముక గట్టిదనం, చేసే పని అన్నీ లెక్కలోకి వస్తాయి. అయినా ఒక పద్ధతిలో 13, మరో పద్ధతిలో 18 వచ్చే రోగి విషయంలో గీసిన గీతే దారిని మార్చే అవకాశం ఉంది. బండలు ఎత్తే మనిషికి ఏ కీలు ఎన్నాళ్లు నిలుస్తుంది, తర్వాత ఎంత బరువు ఎత్తవచ్చు అన్నవి ఆ దారిని బట్టి మారతాయి.

9. పరిభాష: రోగికి చెప్పే తెలుగు:
రాయలసీమలో ఎముకల విషయంలో చేతిస్పర్శకు పెద్ద చరిత్ర ఉంది. పుత్తూరు కట్టు పేరు వినని ఊరు తక్కువ. విరిగిన ఎముకనూ, జారిన గూడనూ వేళ్లతో తడిమి గుర్తించవచ్చు. పీఠపు వాటం మాత్రం కండరాల కింద దాగిన విషయం. అది తడిమితే అందదు, చిత్రంలోనే కనిపిస్తుంది. తడిమి చూసే వైద్యంలో రోగికీ వైద్యునికీ ఒకే మాటలు ఉండేవి. చిత్రాన్ని చదివే వైద్యంలో ఆ ఉమ్మడి భాష తెగిపోయింది.

దానిని తిరిగి కలపడానికి రెండు వనరులున్నాయి. సంస్కృతం నుంచి అంసఫలకం, అంసపీఠం, భుజాస్థి వంటి మాటలు గ్రంథస్థ వ్యవహారానికి సరిపోతాయి. రోగితో మాట్లాడేటప్పుడు గూడ, రెట్ట, జబ్బ, వాటం, మట్టం, అరుగుదల వంటి మాటలు కావాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 'రెక్క' అంటే పాఠ్యపుస్తకంలో అంసఫలకం, కల్లూరు వాడుకలో చేయి మొత్తం. "రెక్క ఎముక అరిగింది" అంటే రోగి మరో ఎముకను ఊహించుకోవచ్చు. 'భుజం' కూడా ఒకచోట కీలును, మరోచోట మెడ పక్క మూపును తెలుపుతుంది. అందువల్ల మాట చెప్పి వేలితో చోటు చూపడం మంచిది.

పై నివేదికలోని వాక్యాన్నే ఇలా చెప్పవచ్చు: "మీ గూడలో బంతి ఆనే పీట వెనుక పక్క అరిగింది. దాంతో పీట 18 డిగ్రీలు వెనక్కి వాటం తిరిగింది. అందుకే బంతి వెనక్కి జరుగుతోంది. కొత్త పీట పెట్టే ముందు ఈ వాటాన్ని సరిచేయాలి, దానికి ఇన్ని దారులున్నాయి." ఇందులో శాస్త్రం ఏమీ తగ్గలేదు. రోగి ప్రశ్న అడిగే వీలు మాత్రం కలిగింది.

10. ముగింపు:
ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:
• అంసపీఠపు వాటం అంసఫలకపు ఇరుసుకు లంబరేఖనుంచి పీఠం ఎంత తిరిగిందో తెలిపే కోణం. ఆరోగ్యవంతుల్లోనూ ఇది ఒకేలా ఉండదు.
• శరీరం పడుకున్న తీరు, ఎంచుకున్న కోత, అరిగిన అంచు, స్కాన్ పరిధి, సాఫ్ట్‌వేర్ - వీటిని బట్టి అంకె మారుతుంది. కాబట్టి నివేదికలో అంకెతోపాటు పద్ధతినీ, దిశనూ పేర్కొనడం అవసరం.
• కొలత కోసం తీసే సి.టి. స్కాన్‌లో అంసఫలకం పూర్తిగా ఉండాలి.
• కొన్ని డిగ్రీల తేడా చికిత్స మార్గాన్ని మార్చగలదు. శారీరక శ్రమతో బతికేవారికి ఇది జీవనోపాధికి సంబంధించిన విషయం.
• అంసపీఠం, వెనువాటం, మునువాటం, నిలువువాటం అనే మాటలు ఈ భావాలను తెలుగులో స్పష్టంగా చెప్పగలవు. వీటిని వైద్యులు, రోగులు వాడి చూసినప్పుడే వీటి యోగ్యత తేలుతుంది. పరిభాషను తయారుచేసేది పండితులైనా, దానిని నిలిపేది వాడుకే.